సిరొంచ తాలూకాలో తెలుగు పిల్లల అంగన్‌వాడీ: ఒక ఏడాది కేస్ స్టడీ

మహారాష్ట్ర పల్లెల్లో మూడేళ్ల పిల్లలను అంగన్‌వాడీలో చేర్పించడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసే విద్యా సర్వే ‘అసర్’ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడేళ్ల పిల్లల్లో 77.4 శాతం మంది ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రంలో ఉన్నారు. 2018లో ఇది 68.1 శాతం. మహారాష్ట్ర, గుజరాత్, ఒడిశా, తెలంగాణల్లో ఆ వయసు పిల్లలు దాదాపు అందరూ చేరిపోయారు. గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన ఉన్న సిరొంచ తాలూకాలో నేను చూసిందీ అదే. ఇంట్లో మూడేళ్లు నిండిన బిడ్డ ఉంటే అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు ఉంటుంది. అయినా ఆ బిడ్డ ఒకటో తరగతిలో అడుగుపెట్టాక, ‘వీళ్లు నోరు విప్పరు, ఏమీ రాదు’ అని ఉపాధ్యాయులు ఏటా చెబుతూనే ఉంటారు. పేరు రాయించుకున్న నాటికీ ఒకటో తరగతిలో కూర్చున్న నాటికీ మధ్య గడిచిన రెండు మూడేళ్లు ఏమైపోతున్నాయో తెలుసుకోవాలని ఒక కేంద్రాన్ని ఏడాది పాటు దగ్గరగా చూశాను.

అంగన్‌వాడీ తాయిలకు పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ ఇవ్వడం నా పని. ఇక్కడ సేవికను అందరూ తాయి అనే పిలుస్తారు కాబట్టి ఈ వ్యాసంలోనూ అలాగే రాస్తున్నాను. కేంద్రం ఉన్నది బస్టాండు, వారపు సంత, పెట్రోలు బంకు ఉన్న ఒక పెద్ద ఊళ్లో. పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది. పిల్లల గురించి వివరంగా రాస్తున్నాను కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు.

సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉంది. నది దాటితే తెలంగాణ. కాస్త దిగువన కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మా జిల్లా కేంద్రం మాత్రం ఉత్తరాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, అడవి దారిలో ఉంది. ఇంట్లో, సంతలో, పొలంలో, పెళ్లి పందిట్లో మాట్లాడేది తెలుగు. బడి, తహసీలు కచేరీ, రేషను కార్డు మరాఠీ. అడవి వైపు ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన మాడియా గోండు కుటుంబాల ఇళ్లలో వాళ్ల భాష. నాలుగేళ్ల బిడ్డ ఇంటి గడప దాటి రెండు వీధులు నడిస్తే చెవిన పడే భాష మారిపోతుంది.

ఊళ్లో ఉన్న దారులు

నాలుగేళ్ల బిడ్డకు ప్రభుత్వం తరఫున ఉన్నది అంగన్‌వాడీ ఒక్కటే. జిల్లా పరిషత్ ప్రాథమిక బడి ఒకటో తరగతితో మొదలవుతుంది. ఆదివాసీ విభాగం నడిపే ఆశ్రమ పాఠశాలలు కూడా అంతే. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న ఐదేళ్లను ఒకే పునాది దశగా లెక్కించింది. అందులో మూడేళ్లు పూర్వ ప్రాథమికం, రెండేళ్లు ఒకటీ రెండూ తరగతులు. ఊళ్లో మాత్రం ఆ మూడేళ్లు మహిళా శిశు సంక్షేమ శాఖవి, ఈ రెండేళ్లు విద్యా శాఖవి. మా అంగన్‌వాడీ గదికీ జిల్లా పరిషత్ బడికీ మధ్య ఒకే ఒక్క ప్రహరీ గోడ ఉంది. నేను వెళ్లేసరికి ఒకటో తరగతి గురువుగారు ఆ గోడ దాటి ఒక్కసారి కూడా ఇటు రాలేదు. తాయి కూడా అటు వెళ్లలేదు. వెళ్లమని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

ఇంకో దారి ప్రైవేటు నర్సరీ. ఎల్‌కేజీ, యూకేజీ, ఇంగ్లీషు మీడియం, యూనిఫారం, ఇంటి ముందుకు వచ్చే ఆటో. ఫీజు కట్టగలిగినవాళ్లు ఐదో ఏడు రాగానే అటు పంపుతారు. పేరు మాత్రం అంగన్‌వాడీలో అలాగే ఉంటుంది. ప్రాణహిత మీద వంతెన వచ్చాక అవతల తెలంగాణలో బంధువుల ఇళ్లలో ఉంచి చదివించే కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి.

ప్రైవేటు నర్సరీని తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. నిర్వాహకుల అనుమతితో అక్కడా కూర్చున్నాను. డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఇరవై మందికి పైగా పిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టి ఏ బి సి డి వల్లె వేయిస్తుంది. ఒకటి నుంచి యాభై దాకా రాయిస్తుంది. నాలుగేళ్ల చేతివేళ్లకు ఆ రాత బరువే. ఆట లేదు, కథ లేదు, పిల్లలు ప్రశ్న అడిగే సందు లేదు. కానీ ఆమె ఉదయం మొదలు మధ్యాహ్నం దాకా ఆ గదిలోనే ఉంటుంది. ఆమెకు వేరే పని లేదు. పిల్లలు రోజూ వస్తారు, రోజూ అదే మనిషిని చూస్తారు. తల్లిదండ్రులు డబ్బు కట్టేది ఇంగ్లీషు కోసమని అందరూ అనుకుంటారు. వాళ్లతో కూర్చుని మాట్లాడితే ఎక్కువమంది చెప్పింది వేరు: ‘అక్కడ వదిలితే పన్నెండున్నర దాకా మాకు నిశ్చింత.’ అంగన్‌వాడీ పోగొట్టుకున్నది ఈ నిశ్చింతనే.

తాయి ఉదయం

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్ద ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ గురించి చెప్పడం, పూర్వ ప్రాథమిక విద్య కలిపి ఆరు సేవలు. వీటన్నిటికీ కేంద్రంలో ఉన్నది ఒక సేవిక, ఒక సహాయకురాలు. ఆరింటిలో ఐదింటికి లెక్క అడిగేవాళ్లు ఉన్నారు. ఎన్ని గుడ్లు పంచారు, ఎంతమంది బరువు తూచారు, ఎవరికి టీకా పడలేదు అని అడుగుతారు. ఈ రోజు పిల్లలతో ఎంతసేపు మాట్లాడారని అడిగేవాళ్లు లేరు. అడగని పని వెనక్కి జరుగుతుంది. ఇది తాయి మనస్తత్వానికి సంబంధించిన విషయం కాదు. ఎవరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినా అంతే జరుగుతుంది.

2024 జూలై, ఆగస్టు నెలల్లో నేను చూసిన ఉదయాలు ఇలా ఉన్నాయి. తాయి వస్తుంది. పిల్లలు వస్తారు. ప్రార్థన. పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు వేయాలి, ఫొటో తీయాలి. నెట్‌వర్క్ గదిలో అందదు, ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికి వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర పదిమంది ఆడవాళ్లు. ఆ నెలల్లోనే మహారాష్ట్ర ప్రభుత్వం 21 నుంచి 65 ఏళ్ల మహిళలకు నెలకు 1,500 రూపాయలు ఇచ్చే లాడకీ బహీణ్ పథకం మొదలుపెట్టింది. దరఖాస్తులు నింపే బాధ్యత అంగన్‌వాడీ సేవికల మీద కూడా పడింది. డబ్బు అందిన ఇల్లాళ్లకు అది చాలా విలువైన సాయం. మా తాయి కూడా మనస్ఫూర్తిగానే నింపింది. కానీ ఆ రెండు నెలలూ పిల్లలు చాప మీద కూర్చుని, ఒకరినొకరు గిల్లుకుని, ఖిచిడీ తిని ఇంటికి వెళ్లారు.

దానికి ముందటి చలికాలంలో, 2023 డిసెంబరు 4 నుంచి నెలన్నరకు పైగా, రాష్ట్రమంతా సేవికలు, సహాయకురాళ్లు సమ్మెలో ఉన్నారు. వాళ్ల కోరికలు న్యాయమైనవని నేను నమ్ముతాను. కేంద్రం 2018 అక్టోబరులో గౌరవవేతనాన్ని 3,000 నుంచి 4,500 రూపాయలకు పెంచింది. దాని మీద రాష్ట్రం తన వంతు కలుపుతుంది. ఆరు సేవల భారం మోసే మనిషికి అది గౌరవం అనిపించుకోదు. ఇంటి పెద్దలు మాత్రం ఆ సమ్మె రోజులను ఇంకా గుర్తుచేస్తారు. ‘అంగన్‌వాడీ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో’ అన్న మాట ఒకసారి ఊళ్లో పడితే దాన్ని తుడవడానికి ఏళ్లు పడుతుంది.

తమిళనాడులో 640 అంగన్‌వాడీ కేంద్రాల్లో జరిగిన ఒక ప్రయోగం నాకు ఈ పనిలో దిక్సూచి. సగం కేంద్రాల్లో పిల్లల చదువు కోసమే అదనంగా ఒక పూట పనిచేసే మనిషిని పెట్టారు. పూర్వ ప్రాథమిక విద్యకు దొరికే సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత పిల్లల భాష, లెక్కల సామర్థ్యం స్పష్టంగా పెరిగింది. పోషకాహార లోపం కూడా తగ్గింది, ఎందుకంటే అసలు తాయికి ఆ పనులకు తీరిక దొరికింది. మా కేంద్రానికి అదనపు మనిషిని ఎవరూ ఇవ్వరు. ఉన్న ఇద్దరితోనే ఆ సమయాన్ని ఎక్కడి నుంచి తేవాలన్నది మా ముందున్న పని.

పోలా పండుగ తర్వాత

సెప్టెంబరులో ఎడ్లకు చేసే పోలా పండుగ అయిపోయాక తాయి, సహాయకురాలు, నేను కూర్చుని ఉదయాన్ని విడదీసి చూశాం. పిల్లలు వచ్చిన దగ్గర నుంచి గంటన్నర పాటు తాయి ఫోను సహాయకురాలి చేతిలో ఉంటుంది. హాజరు కాగితం మీద వేసి, పిల్లలు వెళ్లాక యాప్‌లో ఎక్కించాలి. దరఖాస్తులు, సంతకాలు, బరువులు, తల్లులతో మాటలు అన్నీ భోజనం తర్వాత. గుమ్మానికి ఒక అట్ట వేలాడదీశాం. తాయి పిల్లలతో ఉందని తెలుగులోనూ మరాఠీలోనూ రాశాం. మొదట్లో జనం ఆ అట్టను పక్కకు జరిపి లోపలికి వచ్చేవారు. సహాయకురాలు గట్టి మనిషి. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ‘భోజనం అయ్యాక రండి అక్కా’ అని ప్రతి ఒక్కరికీ నెమ్మదిగా చెప్పి పంపేది. రెండు వారాల్లో ఊరు అలవాటు పడింది.

అందరూ ఒప్పుకోలేదు. ఉదయం పదకొండు లోపు ఫొటో రావాలని పై నుంచి ఒత్తిడి వచ్చింది. ఆ విషయం తేలడానికి చాలా ఉత్తరాలు, ఫోన్లు పట్టాయి. చివరకు ఫొటోను పిల్లలు ఆడుకుంటూ ఉండగానే సహాయకురాలు తీసేలా కుదిరింది.

పోషణ విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు, ఆ పని ఇక్కడ బాగానే జరుగుతోంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీను అందాలన్నది 2013 ఆహార భద్రత చట్టం మొదట పెట్టిన లెక్క, 2023లో దాన్ని సవరించారు. షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి అమృత్ ఆహార్ యోజన కింద వారానికి నాలుగు రోజులు గుడ్డు, తినని వాళ్లకు అరటిపండ్లు కూడా వస్తాయి. గుడ్డు ఉన్న రోజు చాప నిండిపోతుంది.

ఏ భాషలో

మా తాయిది తెలుగు ఇల్లు. మరాఠీ బడిలో చదువుకుంది. వీధిలో పిల్లలతో తెలుగులో మాట్లాడుతుంది. అదే పిల్లలు గదిలోకి రాగానే మరాఠీలోకి మారిపోయేది. ఎందుకని అడిగితే, పర్యవేక్షణకు వచ్చేవాళ్లు తెలుగు వింటే తప్పు పడతారేమోనని చెప్పింది. అలాంటి ఆదేశం ఏదీ లేదు. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఎనిమిదేళ్ల దాకా ఇంటి భాషలోనే ప్రధానంగా బోధించాలని, రెండో భాషను ముందు చెవికి, నోటికి అలవాటు చేయాలని స్పష్టంగా చెబుతుంది. రాష్ట్రం ఇచ్చిన ‘ఆకార్’ బాలశిక్షణ సామగ్రి మరాఠీలో ఉంది కాబట్టి మాట కూడా మరాఠీలోనే ఉండాలని తాయి తనకు తానే అర్థం చేసుకుంది. పర్యవేక్షకురాలిని అడిగాం. ‘రాతలు మరాఠీలో ఉంచండి, పిల్లలతో వాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడండి’ అన్నారు. ఆ ఒక్క మాటతో గది మారిపోయింది.

జూలైలో నేను ఒక చిన్న పరిశీలన చేశాను. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చింతగింజలు, వెదురు ముక్కలు, రంగు గుడ్డపీలికలు ముందు పెట్టి అడగడం. ఏ కుప్పలో ఎక్కువ ఉన్నాయి, ఇందులో వేరుగా ఉన్నది ఏది, ఐదు గింజలు ఇవ్వు, ఈ బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పు. ముందు మరాఠీలో, ఆ తర్వాత మరో రోజు తెలుగులో. నాలుగున్నరేళ్ల ఒక అమ్మాయి మరాఠీలో అడిగినప్పుడు నేల చూపులు చూస్తూ కూర్చుంది. తాయి రిజిస్టరులో ఆమె పక్కన ‘మందకొడి’ అనే అర్థం వచ్చే మాట రాసి ఉంది. తెలుగులో అడిగిన రోజు గింజలను ఐదేసి పెట్టుకుంటూ ఇరవై దాకా లెక్కపెట్టింది. బొమ్మలోని మేకను చూసి, వాళ్ల మేక నిన్న ఈనిందనీ, రెండు పిల్లలనీ, ఒకటి పాలు తాగడం లేదనీ, నాయనమ్మ సీసాతో పట్టిందనీ ఆపకుండా చెప్పింది. కారణం చెప్పడం, వరుసలో చెప్పడం, లెక్క అన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి. తాయి రిజిస్టరు తెచ్చుకుని ఆ మాట కొట్టేసింది.

తండ్రులు వచ్చి గట్టిగానే అడిగారు. ట్రాక్టరు నడిపే ఒకాయన మాట నాకు ఇప్పటికీ బలమైనదిగానే అనిపిస్తుంది. ‘ఇంట్లో తెలుగే కదా తాయీ. ఇక్కడా తెలుగే అయితే వాడికి మరాఠీ ఎప్పుడు వస్తుంది? రేపు బడిలో అడిగేది మరాఠీనే కదా?’ ఆయన అన్నది నిజం. రాష్ట్రంలో అన్ని మీడియంల బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి చేస్తూ 2020లో చట్టమే వచ్చింది. ఈ నేల మీద బతకాలంటే మరాఠీ కావాలి. ప్రాథమిక దశలో భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. అది చదివి వినిపిస్తే ఆ తండ్రి బెంగ తీరదు. అందుకే తాయి మరాఠీని తీసేయలేదు. దానికి రోజూ ఒక వేళ కేటాయించింది. కథ, కబుర్లు, లెక్క, కొత్త విషయం తెలుగులో. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మరాఠీ పాట, మరాఠీ ఆట, ‘నిలబడు, కూర్చో, తలుపు వెయ్యి, నీళ్లు తే’ లాంటి ఆజ్ఞలు. తెలుగులో నిన్న విన్న కథనే ఈ రోజు మరాఠీలో బొమ్మలు చూపిస్తూ చెప్పడం. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు మాటను పట్టుకోగలిగారు. సంక్రాంతి నాటికి ఐదేళ్ల వాళ్లలో చాలామంది మరాఠీలో చిన్న వాక్యాలు వాళ్లంతట వాళ్లే అనేవారు. ఆ ట్రాక్టరు ఆయన కొడుకు సంతలో మరాఠీ వ్యాపారిని బెల్లం ధర అడిగాడట. ఆ సంగతి ఆయనే వచ్చి తాయికి చెప్పాడు.

రాత విషయంలో తల్లులతో వాదం ఎక్కువ రోజులు సాగింది. పక్కింటి పిల్ల నర్సరీలో యాభై దాకా రాస్తుంటే తమ పిల్ల గింజలతో ఆడుకుంటోందని వాళ్ల బాధ. వేళ్లకు పట్టు రాకముందే అక్షరాలు దిద్దిస్తే పిల్లలు పలకను ద్వేషిస్తారని ఎంత చెప్పినా నమ్మకం కలగలేదు. దారి చూపింది సహాయకురాలే. ముగ్గు వేయిద్దాం అంది. చుక్కలు లెక్కపెట్టి పెట్టడం, చుక్కను చుక్కతో కలపడం, గీతను వంచి చుక్క చుట్టూ తిప్పడం. నాలుగు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టి పెద్దపిల్లలు ఎనిమిది చుక్కల దాకా వెళ్లారు. మగపిల్లలు కూడా వేశారు. మొదటి రెండు రోజులు నవ్విన పెద్దలు ఆ తర్వాత నవ్వలేదు. అంగన్‌వాడీ ముందు నేల రోజూ ముగ్గులతో నిండిపోయేసరికి తల్లులు వచ్చి ఎవరి పిల్ల ఏ ముగ్గు వేసిందో అడగడం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో పలక ఇచ్చినప్పుడు గుండ్రటి అక్షరాలు ఎవరికీ కష్టం కాలేదు.

శనివారాల్లో ఒక అవ్వ వచ్చి కథ చెప్పేది. ఆమెకు చదువు రాదు. కోతి, మొసలి, ఏరు దాటిన నక్క. పిల్లలు మధ్యలో అడ్డు తగిలితే కథను వాళ్ల మాట ప్రకారం మలిచేది. శిక్షణ పొందిన చాలామందికి చేతకాని విద్య అది.

కుదరనివి

జనవరి నుంచి మిరప కోతలు. ఈ తాలూకా నుంచీ పక్క అడవి ఊళ్ల నుంచీ కూలీలు మిరప ఏరడానికి నది దాటి తెలంగాణ వైపు వెళ్తారు, వారాల తరబడి పొలాల్లోనే గుడిసెలు వేసుకుంటారు. చిన్న పిల్లలు వాళ్లతోనే. మార్చిలో ఇప్పపువ్వు, మేలో తునికాకు. ఏడాదిలో చదువు బాగా పట్టాలెక్కే నెలల్లోనే పేద ఇళ్ల పిల్లలు కేంద్రంలో ఉండరు. అవతలి ఒడ్డున కూడా అంగన్‌వాడీలు ఉన్నాయి, అక్కడ భాష కూడా ఈ పిల్లలదే. కానీ పొలం గుడిసె నుంచి పంపే తీరిక ఆ తల్లికి ఉండదు, రెండు రాష్ట్రాల మధ్య ఆ బిడ్డను ఫలానా వాడని చేతికి అందించే మనిషీ లేడు. మేము చేయగలిగింది పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలివెళ్లమని కుటుంబాలను ఒప్పించడం. కొందరు ఒప్పుకున్నారు. మిగతా పిల్లలు ఏప్రిల్‌లో తిరిగి వచ్చేసరికి మరాఠీ పాటలన్నీ మరిచిపోయారు.

మాడియా ఇంటి నుంచి వచ్చే ఇద్దరు పిల్లలకు తెలుగు కూడా పరాయి భాషే. ఇంటి భాష అన్న మాటను మేము తెలుగుకు మాత్రమే వర్తింపజేస్తే, మరాఠీ గదిలో తెలుగు పిల్లలకు జరిగిందే తెలుగు గదిలో వాళ్లకు జరుగుతుంది. తాయికి ఆ భాష రాదు. సహాయకురాలికి కొన్ని మాటలు వచ్చు. ఆ పిల్లల్లో ఒకరి అక్క ఆశ్రమ పాఠశాల సెలవుల్లో వచ్చినప్పుడు కూర్చుని ఆడించేది. అప్పుడు మాత్రం వాళ్ల ముఖాలు విప్పారేవి. ఈ విషయంలో ఈ కేంద్రం పని సగం కూడా కాలేదు.

మూడేళ్ల పిల్లలు కూడా నష్టపోయారు. ఒకే గదిలో మూడేళ్ల వాళ్లు, ఐదున్నరేళ్ల వాళ్లు. తాయి దృష్టి బడికి వెళ్లబోయే పెద్దవాళ్ల మీదే ఉండేది. చిన్నవాళ్లు సహాయకురాలి దగ్గర, ఆమె పొయ్యి దగ్గర. రెండు గుంపులుగా విడదీశాం గానీ చిన్న గుంపుకు మనిషి లేదు.

ఏప్రిల్‌లో

మహారాష్ట్రలో 2022 నుంచి ‘పహిలే పావూల్’ పేరుతో బడికి సంసిద్ధత మేళాలు జరుగుతున్నాయి. ఒకటో తరగతికి రాబోయే పిల్లలను తల్లులతో సహా బడికి పిలిచి, శరీర కదలికలు, బుద్ధి వికాసం, భాష, కలివిడితనం, లెక్కకు ముందు రావాల్సిన నేర్పులు ఒక్కో బల్ల దగ్గర ఆటలా చూస్తారు. చివర్లో తల్లికి వేసవిలో ఇంట్లో ఏం చేయించాలో చెబుతారు. తల్లులను గుంపులుగా చేస్తారు. చక్కని కార్యక్రమం. ఈసారి ఒకటో తరగతి గురువుగారు ప్రహరీ గోడ దాటి మూడుసార్లు అంగన్‌వాడీకి వచ్చి వెళ్లారు కాబట్టి, మేళాలో తాయిని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆయన మరాఠీలో అడిగారు. పిల్ల తడబడితే తాయి అదే ప్రశ్నను తెలుగులో అడిగింది. ఏ భాషలో జవాబు వచ్చిందో కార్డు మీద విడిగా గుర్తు పెట్టుకున్నారు. ఈ చిన్న మార్పే ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. భాష రాకపోవడం, విషయం రాకపోవడం రెండు వేర్వేరు గడుల్లో పడ్డాయి.

ఏడాది పొడవునా వచ్చిన ఐదేళ్ల పిల్లలు దాదాపు అందరూ వేరు చేయడం, వరుసలో పెట్టడం, పది దాకా వస్తువులను లెక్కించి ఇవ్వడం చేశారు. కథను ముందు వెనుకలు తప్పకుండా తెలుగులో చెప్పారు. మరాఠీ ఆజ్ఞలు పాటించారు. మరాఠీలో సొంతంగా కథ చెప్పగలిగింది ఇద్దరు ముగ్గురే. మిరప కోతలకు వెళ్లి వచ్చిన పిల్లలు వస్తువుల పనుల్లో వెనకబడలేదు, మాటల్లో వెనకబడ్డారు. ప్రైవేటు నర్సరీ నుంచి వచ్చిన పిల్లలు అక్షరాలూ అంకెలూ రాయడంలో ముందున్నారు. యాభై దాకా రాసే ఒక బాబును ఏడు గింజలు ఇవ్వమంటే గుప్పెడు తీసి ఇచ్చాడు. అదే బాబు బల్ల దగ్గర కదలకుండా కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఆగాడు, చెప్పింది పూర్తిగా విన్నాడు. మా పిల్లల్లో చాలామందికి ఆ ఓపిక లేదు.

అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో దాదాపు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి 2017లో వెలువరించిన అధ్యయనం కూడా ఇలాంటిదే చూసింది. ఐదేళ్ల వయసులో బడికి కావలసిన సంసిద్ధత చాలామందిలో తక్కువగానే ఉంది. అంగన్‌వాడీల్లో చదువు చాలా తక్కువ, ప్రైవేటు నర్సరీల్లో ఒకటో తరగతిని కిందికి దించి పిల్లల మీద పెట్టడం. వయసుకు తగిన ఆటపాటలు దొరికిన చోట మాత్రం పిల్లలు మెరుగ్గా ఉన్నారు. మా ఊళ్లో ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే నేను గది పేరు చెప్పను. బిడ్డతో తీరిగ్గా, బిడ్డ భాషలో మాట్లాడే మనిషి రోజుకు ఎంతసేపు ఆ గదిలో ఉంటుందో కూర్చుని చూడమంటాను. ఈ ఏడాది, ఈ కేంద్రంలో, గంటన్నర దొరికింది. ఆ గంటన్నరను చూసి ఒక కుటుంబం నర్సరీ మానిపించి పిల్లను తిరిగి తెచ్చింది. రెండు కుటుంబాలు వినకుండా వెళ్లిపోయాయి. వాళ్లకు పన్నెండున్నర దాకా కావాలి, అది మా దగ్గర లేదు.

2025 జూన్‌కు మేము అనుకున్నవి ఇవి. పునాది గంటన్నరను తాయి మంచితనం మీద వదలకుండా, ఆ వేళలో యాప్ పనీ సర్వే పనీ అడగకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమని ప్రాజెక్టు కార్యాలయానికి అర్జీ పెట్టాం. తల్లుల గుంపు నుంచి రోజుకు ఒకరు వచ్చి మూడేళ్ల పిల్లలతో కూర్చుంటారు, జాబితా గోడ మీద ఉంది. గురువుగారు శుక్రవారాల్లో ఐదేళ్ల పిల్లలను ఒక పీరియడు ఒకటో తరగతిలో కూర్చోనిస్తారు. అవ్వ కథలను తాయి ఫోనులో రికార్డు చేస్తోంది. వాటిలో రెండింటిని మాడియా భాషలో చెప్పించడానికి పక్క పాడాలోని (చిన్న ఆదివాసీ పల్లెలోని) ఒక పెద్దావిడ ఒప్పుకుంది, నాట్లు అయ్యాక వస్తానంది.